విరాటపర్వం నుంచి సుప్రీంకోర్టు దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, దేవనకొండ చుట్టుపక్కల పాత గుళ్ల గురించో, పత్తికొండలో కన్నుమూసిన మన్రో దొర గురించో రాద్దామనుకున్నాను. మనసు మార్చుకోవడానికి కారణం పోయిన డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభ. భోజనాల దగ్గర ఒక మిత్రుడు, "ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు మా వీధిలో హిజ్రాకు గూడా పింఛను ఇచ్చిపోయినారప్పా! ఇంక మనకేం విలువ?" అన్నాడు. పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. నలభై ఏళ్ల కిందట కూడా నేనిలాగే పదిమందితో కలిసిపోయి ఒక పని చేశాను. దాని సంగతి ఈ వ్యాసంలోనే చెబుతాను. అంతకు ముందు కొంత చరిత్ర చెప్పుకోవాలి.

మొదట మాటల సంగతి. మగపిల్లవాడిగా పుట్టి, స్త్రీగా బతికే హిజ్రాలు వేరు. మగవాడుగానే ఉంటూ మగవాణ్ణి, ఆడదిగానే ఉంటూ ఆడదాన్ని ప్రేమించేవారు వేరు. ఈ రెండోవారిని పత్రికలు స్వలింగ సంపర్కులని రాస్తాయి. ఇద్దరినీ ఒకే గాటన కట్టి దూరం పెట్టింది సమాజం, ఒకే గాటన కట్టి శిక్షించింది చట్టం. అందుచేత ఈ చరిత్రలో ఇద్దరి ప్రస్తావనా వస్తుంది.

మన కథల్లో, మన తిరునాళ్లలో

వాన ముఖం చాటేసిన ఏడు గుడిలో విరాటపర్వం చదివిస్తే వర్షాలు పడతాయని మన సీమలో నమ్మకం. మా చిన్నతనంలో పెద్దలు రాత్రి పొద్దుపోయేదాకా చదివించి అర్థం చెప్పించేవారు. ఆ పర్వంలో పేడి రూపంలో ఉన్న అర్జునుడు విరాటుడి కూతురికి నాట్యం నేర్పుతాడు. చివరికి ఉత్తరకుమారుడి రథమెక్కి కౌరవ సేనను గెలిచేదీ ఆ బృహన్నలే. వింటున్న రైతుల్లో ఎవరూ దాన్ని అసహ్యించుకోలేదు. 1963లో 'నర్తనశాల' వచ్చినప్పుడు ఎన్.టి. రామారావుగారి బృహన్నలను చూడడానికి మేం బండ్లు కట్టుకొని ఆదోని పోయినాం. నాటకరంగంలోనూ అంతే. స్థానం నరసింహారావుగారు దశాబ్దాల పాటు స్త్రీ పాత్రలు ధరించారు. ఆయన సత్యభామను చూసి ఆడవాళ్లే చీర కట్టు నేర్చుకున్నారని చెప్పుకునేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

మన ప్రాంతానికి బళ్లారి వైపు నుంచి ఎల్లమ్మ జోగమ్మలు, జోగప్పలు వచ్చేవారు. జోగప్పలంటే మగవారిగా పుట్టి, అమ్మవారికి అంకితమై చీర కట్టినవారు. తలమీద అమ్మవారి బుట్ట పెట్టుకొని వాకిట్లో నిలబడితే మా అవ్వ చేటలో జొన్నలు తెచ్చి పోసి, వంగి దండం పెట్టేది.

అయితే ఆ కాలమంతా బంగారమని నేను చెప్పబోవడం లేదు. రంగస్థలం మీద, గుడి ముందర గౌరవమిచ్చిన ఊరే, తన ఇంటి పిల్లవాడు అలా ఉంటే తరిమేసింది. జోగప్పలకు అడుక్కోవడం తప్ప మరో దారి మిగల్చలేదు. మా అవ్వ దండం పెట్టేదే గానీ లోపలికి రానిచ్చేది కాదు. కాకపోతే ఒక్కటి నిజం. వాళ్లు బతికి ఉండడమే నేరమని మన ఊరు ఏనాడూ అనలేదు. ఆ మాట పైనుంచి వచ్చింది.

ఆ చట్టం ఎక్కడిది?

1800లో నిజాం నవాబు మన సీమ జిల్లాలను కంపెనీ వారికి దత్తం చేశాడు. మన్రో దొర కలెక్టరుగా వచ్చి రైత్వారీ పద్ధతి స్థిరపరిచాడు. 1827 జులై 6న కలరా సోకి పత్తికొండలో మరణించాడు. మన్రో మీద మన వాళ్లకు అభిమానం ఇప్పటికీ ఉంది. కానీ ఆ పాలన వదిలివెళ్లింది భూమి లెక్కలొక్కటే కాదు. మెకాలే ముసాయిదా నుంచి తయారైన ఇండియన్ పీనల్ కోడ్ 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 377వ సెక్షన్ 'ప్రకృతి విరుద్ధమైన' సంపర్కానికి యావజ్జీవ శిక్ష దాకా విధించవచ్చని చెప్పింది. ఇష్టపడి కలిసినవారా, బలవంతం జరిగిందా అన్న తేడా అందులో లేదు. దీనికి మూలం మన ధర్మశాస్త్రం కాదు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ రాజు 1533లో చేసిన శాసనం. అక్కడ ఆ నేరానికి 1861 దాకా మరణశిక్ష ఉండేది.

మన దేవనకొండ పత్తికొండ తాలూకాలో ఉండేది. పొరుగున ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలోవి. అన్నీ మద్రాసు రాజధాని కిందివే కాబట్టి అందరికీ ఈ పీనల్ కోడే. తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం. అక్కడ ఇంకో చట్టం పుట్టింది. ఉత్తర హిందూస్థానంలో ఇంగ్లీషువారు 1871 నేరస్థ తెగల చట్టంలో హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలన్నారు. అదే దారిలో నిజాం ప్రభుత్వం ఫసలీ 1329లో, అంటే 1919లో, ఒక శాసనం చేసింది. హిజ్రాల పేర్లకు, చిరునామాలకు రిజిస్టరు పెట్టాలి. రిజిస్టరులో ఉన్నవారు ఆడవేషంతో, నగలతో వీధిలో కనబడినా, పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా ఖైదు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే చీర కట్టిన స్థానంవారికి ఊరూరా సన్మానాలు జరిగాయి. నాటకశాలలో చీర కడితే కళ, నది అవతల వీధిలో కడితే నేరం.

నిజాం పోయాడు, హైదరాబాదు రాష్ట్రం పోయింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం పేరు మార్చుకుంటూ పుస్తకంలో ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి మొదలైనవారు 2018లో హైకోర్టుకు వెళ్లారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, జస్టిస్ సి.వి. భాస్కర్‌రెడ్డిగార్ల ధర్మాసనం ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్లకు కూడా ఆసరా పింఛను ఇవ్వాలని ఆ తీర్పులోనే చెప్పింది. రిజిస్టరులో నేరస్థులుగా ఎక్కవలసినవారు పింఛను జాబితాలో ఎక్కడానికి 104 ఏళ్లు పట్టింది.

ఇచ్చినవాడు వదిలేశాడు, మనం పట్టుకున్నాం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవారి రహస్య సంకేతాలను ఛేదించడంలో ప్రముఖ పాత్ర వహించిన గణితవేత్త అలన్ ట్యూరింగ్. మరో పురుషుడితో సంబంధం ఉందని 1952లో ఆయన మీద నేరం రుజువు చేసి, జైలు వద్దనుకుంటే హార్మోను మందు తీసుకోమన్నారు. 1954లో 41 ఏళ్ల వయసులో మరణించాడు. 2013లో రాణిగారు క్షమాభిక్ష ప్రకటించారు. అప్పటికి ఆయన పోయి 59 ఏళ్లు.

ఈ మధ్యలో ఇంగ్లండు తన మనసు మార్చుకుంది. 1957లో వుల్ఫెండెన్ కమిటీ, వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి చాటున చేసుకునేది నేరం కాకూడదని నివేదిక ఇచ్చింది. పదేళ్ల చర్చ తర్వాత 1967లో ఇంగ్లండు, వేల్సులలో చట్టం మారింది. 1973లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగాల జాబితా నుంచి దీన్ని తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో అదే చేసింది. జబ్బు కాదని వైద్యులు చెప్పాక నేరమనడానికి ఆధారం సన్నగిల్లింది. డెన్మార్కు 1989లో ఇలాంటి జంటలను రిజిస్టరు చేసుకోవడం మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ 2001లో పెళ్లిని ఒప్పుకుంది.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఐర్లాండు. చర్చి మాటే వేదవాక్కుగా నడిచిన దేశమది. 1993 దాకా అక్కడ ఇది నేరమే. 2015 మే నెలలో పెళ్లి హక్కు మీద ప్రజల ఓటు పెడితే నూటికి 62 మంది ఔనన్నారు. పిల్లలున్న తల్లిదండ్రులు, మనవళ్లున్న తాతలు బయటికొచ్చి, "మా బిడ్డ కూడా ఇలాంటివాడే" అని ఇరుగుపొరుగుకు చెప్పుకున్నారు. అమెరికాలో 1996లో ఇలాంటి పెళ్లిని సమర్థించినవారు నూటికి 27 మంది. 2015లో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి 60 మంది. ఆసియాలో మొదట తైవాన్ 2019లో, తర్వాత థాయ్‌లాండు 2025లో పెళ్లిని చట్టబద్ధం చేశాయి. పక్కనున్న నేపాల్ సుప్రీంకోర్టు 2007లోనే వీరికి సమాన హక్కులు ఉండాలంది.

అన్ని దేశాలూ ఒకే దిక్కుకు పోతున్నాయని అనుకోవద్దు. ఉగాండా 2023లో కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వేసే చట్టం చేసింది. మనం మాత్రం ఇంగ్లండు వదిలేసిన సెక్షన్‌ను మరో 51 ఏళ్లు అంటిపెట్టుకున్నాం.

నా సంతకం

ఆ 51 ఏళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. 1983, అంటే రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించిన ఏడాది. అప్పుడు నేను పనిచేస్తున్న కార్యాలయంలో నాకంటే పెద్దాయన ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. నోట్ ఫైలు రాయడం నాకు నేర్పింది ఆయనే. పెళ్లి చేసుకోలేదు. ఒక స్కూలు మాస్టరుతో కలిసి ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉండేవారు. ఇద్దరూ సంతకు కలిసి వచ్చి కూరగాయలు బేరమాడడం అందరం చూసినదే. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఒకరోజు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అందులో 377 సెక్షన్ పేరు కూడా ఉంది. పోలీసులదాకా ఎందుకని, ఆయన ప్రవర్తన కార్యాలయ గౌరవానికి భంగమని ఒక కాగితం టైపు చేయించి మా సెక్షన్ వాళ్లందరినీ సంతకం చేయమన్నారు. నాకు తెలిసిన దోషం ఆయనలో ఒక్కటీ లేదు. నాకు అప్పుడు ఇద్దరు పిల్లలు, ప్రమోషన్ దగ్గరలో ఉంది. ఆరో సంతకం నాది.

ఆయనను జిల్లా ఆ చివరికి బదిలీ చేశారు. వెళ్లే రోజు అందరికీ నమస్కారం పెట్టి, నా దగ్గరకొచ్చి, "పెండింగు ఫైళ్లు బీరువాలో పై అరలో పెట్టినా నాయనా, తారీఖుల ప్రకారం ఉన్నాయి" అన్నారు. అంతే.

మళ్లీ ఆ విషయం నా బల్ల మీదికి 2001లో వచ్చింది. రిటైరైన తర్వాత ఆయన మూడేళ్లు మంచంలో ఉండి పోయారు. సేవ చేసింది ఆ మాస్టరే. ఆస్పత్రి బిల్లులు, పింఛను బకాయి కోసం ఆయన కాగితాలు పట్టుకొని మా ఆఫీసుకొచ్చారు. దరఖాస్తులో 'సంబంధం' అన్న గడి ఉంటుంది కదా, అందులో 'స్నేహితుడు' అని రాశారు. నిబంధనల్లో స్నేహితుడు లేడు. బకాయిలు అన్నదమ్ములకు పోయాయి. వాళ్లు ఒక్క రాత్రి కూడా ఆస్పత్రిలో పడుకున్నవారు కాదు. నేను మాస్టరుకు రూలు చదివి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, "మీరు మాత్రం ఏం చేస్తార్లెండి సార్" అని వెళ్లిపోయారు.

ఆ రూలు నేను రాసింది కాదని సరిపెట్టుకోగలను. 1983లో పెట్టిన సంతకానికి అలాంటి సాకు కూడా లేదు.

మన దేశం ఎలా కదిలింది?

ఈ విషయం మీద మన దేశంలో సానుభూతితో వచ్చిన తొలి పుస్తకాలలో ఒకటి రాసింది గణిత మేధావి శకుంతలాదేవిగారు, 1977లో. 1980లో మన మెదక్‌లో ఇందిరాగాంధీ మీద లోక్‌సభకు పోటీ చేసిన ఆమే. లెక్కలావిడకు ఇదేం పని అని ఆ పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడ్డ పెద్దల విషయంలో 377 చెల్లదంది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. ఈ సెక్షన్ వల్ల బాధపడేవారు అతి కొద్దిమందే అని చెప్పిన కారణాలలో ఒకటి. పెన్షనర్లు కొద్దిమందే కాబట్టి వాళ్ల డీఏ ఆపవచ్చని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? 2014 ఏప్రిల్ 15న అదే సుప్రీంకోర్టులో మరో ధర్మాసనం ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించి, వారికి ప్రాథమిక హక్కులు ఉన్నాయంది.

తర్వాతి మలుపుకు కారకుడు మనలాగే రిటైరైన ఒక పెద్దమనిషి. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత మన రాష్ట్ర బీసీ కమిషన్‌కు అధ్యక్షులుగా కూడా ఉన్నారు. 2012లో, 86 ఏళ్ల వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఆ పునాది మీదనే 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, ఇష్టపడ్డ పెద్దల మధ్య సంబంధం నేరం కాదన్నారు. ఈ మనుషులకూ వారి కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందు మల్హోత్రా తన తీర్పులో రాశారు. ఆ మాట టీవీలో విన్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది బీరువా పై అర. 2024 జులై 1న పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు 377 పూర్తిగా లేకుండా పోయింది.

ఇక పెళ్లి సంగతి. హైదరాబాదులో ఉంటున్న సుప్రియో, అభయ్ అనే ఇద్దరు యువకులు 2021 డిసెంబరులో బంధుమిత్రుల నడుమ వేడుక చేసుకొని, చట్టం కూడా ఒప్పుకోవాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, చట్టం చేయవలసింది పార్లమెంటేనని అన్నారు. వీరికి రేషను కార్డు, పింఛను, గ్రాట్యుటీ వంటివి ఎలా అందించాలో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ చూస్తుందని కేంద్రం మాట ఇచ్చింది. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, ఇలాంటి జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. 2001లో మాస్టరు నింపలేకపోయిన గడిలో బ్యాంకు మేరకు ఒక పేరు రాయవచ్చు. కుటుంబ పింఛను గడి మాత్రం ఇంకా మారలేదు.

జనం మాటా మారుతోంది. ప్యూ అనే అమెరికా సంస్థ 2023లో మన దేశంలో అడిగితే, ఇలాంటి పెళ్లికి నూటికి 53 మంది సరేనన్నారు, 43 మంది కాదన్నారు. ఇంచుమించు సగం సగం. మన సంఘంలో ఓటు పెడితే ఏమొస్తుందో ఊహించగలను, కానీ మన ఇళ్లలో మనవళ్లను అడిగితే వేరే జవాబు వస్తుంది.

మన తీర్పు, వాళ్ల తీర్పు

మిత్రులు డిసెంబరు 17ను ఎందుకు జరుపుకుంటారో వేరే చెప్పనవసరం లేదు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయతో వేసే భిక్ష కాదు, హక్కు అంది. ఫలానా తేదీకి ముందు రిటైరైనవారు, తర్వాత రిటైరైనవారు అని గీత గీసి ఒకే తరగతి మనుషులను విడదీయడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమంది. ఆ ధర్మాసనంలో మన రాయలసీమ బిడ్డ జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిగారు ఉన్నారు. దానికి అధ్యక్షత వహించినవారు ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్. 2018లో 377ను తగ్గించిన ధర్మాసనంలో ఆయన కుమారుడు డి.వై. చంద్రచూడ్ ఉన్నారు. అక్కడ కూడా మొదట పట్టుకున్నది ఆ 14వ అధికరణాన్నే. మనకు అన్నం పెట్టిన సూత్రం వాళ్లకు చెందదనడానికి మన దగ్గర కారణమేదీ లేదు.

ట్రాన్స్‌జెండర్లకు మన రాష్ట్రంలో పింఛను 2018లో నెలకు 1,500 రూపాయలతో మొదలైంది. 2024 జులైలో 4,000 అయింది. పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో పుట్టిన మంజమ్మ జోగతి, ఇల్లు వదిలి, అడుక్కొని బతికి, జోగతి నృత్యం నేర్చుకొని, 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు. 2021 నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో పద్మశ్రీ అందుకుంటూ, చీర కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీశారు. మా అవ్వ జొన్నలు పోసింది అలాంటివారికే.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేముందు మా ఇంటావిడకు చదివి వినిపించాను. "సంతకం సంగతి నాకెప్పుడూ చెప్పలేదే" అంది. చెప్పలేదు. ఆ పెద్దాయన లేరు, మాస్టరు ఎక్కడున్నారో తెలియదు. క్షమాపణ అడుగుదామన్నా అడగవలసినవారు లేరు. వచ్చే డిసెంబరు 17న భోజనాల దగ్గర ఆ ఛలోక్తి మళ్లీ వస్తే, ఈసారి నేను నవ్వను. ఎందుకు నవ్వలేదని ఎవరైనా అడిగితే, ఇక్కడ రాసిందే చెబుతాను.